ఇంటిలో పలురంగుల కుట్టుదారము

(సోలాపూరులో మన సంఘము ఉగాది ఉత్సవాల సందర్భమున జరిగిన మహిళా సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట నాలుగు మాటలు చెప్పమని సంఘమువారు కోరినప్పుడు ఏమి చెప్పాలా అని మేము కొంత ఆలోచించవలసి వచ్చింది. మేము పండితులము కాము. పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్న సంసారులము. పగలంతా చూసేది రశీదులు, చేసేది కూడికలు, తీసివేతలు. అయితే గత మూడేళ్ళుగా ఆదివారాలు మా ఇంట్లో ఒక చిన్న పని జరుగుతున్నది. తెల్ల నూలు తెచ్చి, దానికి చేత్తో పలురంగులు పెట్టి, చీరలమీద, రవికెలమీద, గలేబులమీద పువ్వులు కుట్టే దారము తయారుచేస్తున్నాము. ఇందులో రంగులు ఎంచేది, సూది పట్టేది మా ఇంటావిడ. తూచడము, కొలవడము, పుస్తకములో పద్దు వ్రాయడము ఈ గుమాస్తా వంతు. కనుక ఈ ప్రసంగములో 'మేము' అన్నచోటల్లా ఇద్దరమని తమరు గ్రహించాలి.

ముందుగా వస్తువేమిటో చెబుతాము. అంగట్లో దొరికే కుట్టుదారపు లచ్చి సాధారణముగా ఒకే రంగుతో వుంటుంది. అందులో ఆరు సన్నని పోగులు కలిసి వుంటాయి. పొడవు ఎనిమిది మీటర్లు. పలురంగుల లచ్చి అలా కాదు. ఒకే దారము ఎరుపుతో మొదలై నారింజలోకి దిగి, నారింజ పసుపులోకి కరిగి, మళ్ళీ ఎరుపుకు వస్తుంది. అంగళ్ళవారు దీనిని షేడెడ్ దారము అంటారు. ఈ దారముతో ఒక మందారము కుడితే సూది మార్చకుండానే రేకు మొదట ముదురు, చివర లేత వస్తుంది. నేర్చుకొంటున్న ఆడపిల్లలకు ఇది ఎంతో ఉత్సాహమిస్తుంది.

అంగట్లో దొరికేదానిని ఇంట్లో ఎందుకు చేసుకోవాలని తమరు అడగవచ్చు. దానికి కారణమున్నది. మా మేనకోడలి పెళ్ళికి ఇవ్వాలని మా ఇంటావిడ రెండు నెలలు కూర్చొని ఆరు దిండు గలేబులమీద తామరపువ్వులు కుట్టింది. దారము బజారులో కొన్నది. పొట్లముమీద రంగు గట్టిదని అచ్చువేసి వున్నది. పెళ్ళయిన నెలకు మొదటి ఉతుకులోనే ప్రతి పువ్వు చుట్టూ గులాబిరంగు మరక పాకింది. మా వదినెగారు ఒక్క మాట అనలేదు. గలేబులను ఇస్త్రీ చేసి పెట్టె అడుగున పెట్టారు. ఏదైనా అని వుంటే మా ఇంటావిడ అంత బాధపడేది కాదు. ఆ అంగడి పేరు మనకు ఇక్కడ అనవసరము. దారము అమ్మినవాడు డబ్బు తీసుకొని మరచిపోతాడు. దానితో రెండు నెలలు కుట్టిన మనిషి మరచిపోదు. మేము ఈ పనికి దిగినది అప్పుడే.

దిగిన తరువాత ఒక సంగతి తెలిసింది. ఈ విద్య మనకు పరాయిది కాదు. పాలమూరు, నల్లగొండ, కరీంనగరము, వరంగల్లు ప్రాంతాలనుంచి మన తాతముత్తాతలు మగ్గము పని, మిల్లు పని వెదుక్కొంటూ ఈ సోలాపూరుకు వచ్చారు. వారిలో నేసేవారు నేశారు, కొందరు రంగు కార్ఖానాలలో నూలుకు రంగు వేశారు. మా తాత రెండవ రకమువాడు. పండుగనాడు కూడా ఆయన గోళ్ళ మొదట నీలము పోయేది కాదు. ఆయన ఒక మాట అనేవాడు: "రంగు పోసుడు గడియ పని బిడ్డా, దాన్ని నిలబెట్టుడు దినం పని." చిన్నతనములో మాకు ఆ మాట అర్థము కాలేదు. ఈ రోజు ప్రసంగములో మేము చెప్పదలచినదంతా ఆ మాటలోనే వున్నది.

తాత పుట్టిన నల్లగొండ వైపున ఇంకొక విద్య వున్నది. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్ళు బట్ట నేయకముందే నూలుమీద అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కట్టినచోట రంగు ఎక్కదు. విప్పి, మళ్ళీ వేరేచోట కట్టి, వేరే రంగులో ముంచుతారు. దీనిని చిటికి అనీ, పగుడు బంధు అనీ అంటారు. అంటే ఒకే పోగుమీద పలురంగులు పెట్టడమనే ఆలోచన మన మగ్గాల దగ్గర పాతదే. చీరాలలో, పుట్టపాకలో చేసే తేలియా రుమాళ్ళకు ముందుగా నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఎండవేస్తారు. అప్పుడుగాని ఎరుపు గట్టిగా పట్టదు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నూనె, ఆ బూడిద, ఆ రోజుల కష్టమంతా రంగు వేయడానికి కాదు, నిలబెట్టడానికే.

మనము ఇంట్లో అంత కష్టపడనక్కరలేదు. అందుకు కారణము రసాయన శాస్త్రము. 1856లో లండనులో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ యువకుడు బొగ్గు తారునుంచి వచ్చే పదార్థముతో ఊదారంగు తయారుచేశాడు. అక్కడనుంచి కృత్రిమపు రంగులు మొదలయినాయి. కాని నూలుకు రంగు పట్టించడము అప్పటికీ కష్టముగానే వుండేది. 1954లో ఇంగ్లండులో, అప్పటి ఐ.సి.ఐ. కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయనజ్ఞులు ఒక కొత్త దారి కనుగొన్నారు. ఆ రంగు పోగుమీద పూతలాగా కూర్చోదు, పోగుతో రసాయనికముగా ముడిపడుతుంది. 1956లో అది ప్రోషన్ అనే పేరుతో బజారుకు వచ్చింది. ఈనాడు రంగుల అంగళ్ళలో కోల్డ్ బ్రాండు రియాక్టివ్ రంగులని అడిగితే దొరికేవి ఆ జాతివే. వీటికి పొయ్యి అక్కరలేదు, మామూలు వేడిమి చాలు. కాని ఒక నియమము: సోడా లేనిదే ముడి పడదు. సోడా తగలగానే రంగు పోగును పట్టుకొంటుంది. అదే సమయములో కొంత రంగు నీటితోనే ముడిపడి వ్యర్థమవుతుంది. ఆ వ్యర్థమైన రంగు పోగుల మధ్య చిక్కుకొని, చూడడానికి నిజమైన రంగులాగే వుంటుంది. దానిని మనము కడిగి తీయకపోతే, కొన్నవారి ఇంట్లో ఉతుకులో బయటికి వస్తుంది. గలేబులమీద మరకలు పడేది సాధారణముగా ఇందువల్లనే.

ఇక కావలసిన వస్తువులు చెబుతాము.

మొదటిది నూలు. తెల్లని మెర్సరైజ్డు నూలు తీసుకోవాలి. 1844లో జాన్ మెర్సర్ అనే ఆయన నూలును కాస్టిక్ సోడాలో ముంచితే పోగు ఉబ్బి రంగును బాగా పీలుస్తుందని గమనించాడు. 1890లో హొరేస్ లో అనే ఆయన అదే పని నూలును బిగలాగి వుంచి చేస్తే పట్టువంటి మెరుపు వస్తుందని చూపాడు. కుట్టుదారమునకు ఆ మెరుపు అవసరము. కొనేముందు ఒక పోగు కాల్చి చూడండి. నూలయితే కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలియెస్టరయితే కరిగి గట్టి పూసలాగా అవుతుంది. దానికి ఈ రంగు పట్టదు. పట్టుదారమునకు ఈ సోడా పద్ధతి వద్దు, మెరుపు చెడుతుంది.

రెండవది సోడా. రంగుల అంగట్లో సోడా యాష్ అని అడగాలి. వంటింట్లో వాడే తినే సోడా పనికిరాదు.

మూడవది రంగులు. మొదట మూడు చాలు: నిమ్మపసుపు, గులాబి ఎరుపు, నెమలి నీలము. ఈ మూడింటి కలయికతో తక్కినవన్నీ వస్తాయి. పేరు, కంపెనీ చీటీ లేని పొట్లాలు ఎంత చౌక అయినా కొనవద్దు. ఆరోగ్యానికి హాని చేసే కొన్ని అజో రంగులను మన ప్రభుత్వము 1997లో నిషేధించింది. చీటీ లేని పొట్లములో ఏమున్నదో మనకు తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ రంగు పొడి చాలా తేలిక, గాలికి లేస్తుంది. ఊపిరితో లోపలికి పోతే కొందరికి ఉబ్బసమువంటి బాధ వస్తుంది. అందుచేత పొడి తూచేటప్పుడు ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి, పంకా ఆపాలి, కింద తడి కాగితము పరవాలి. చేతులకు రబ్బరు తొడుగులు వుండాలి. సోడా నీరు చేతులను కొరుకుతుంది. రంగుకు వాడిన గిన్నె, గరిటె, బకెట్టు మళ్ళీ వంటకు వాడకూడదు. మా ఇంట్లో రంగు సామానుకు ఎర్ర గుడ్డపేలిక కట్టి వుంచుతాము. ఒక గది, ఒక వసారా వున్న ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరము. పిల్లలు నిద్రపోయినాకనో, బడికి పోయినాకనో పొడి తూచి నీటిలో కలిపివేస్తే, ఆ తరువాత భయము తక్కువ.

ఇక పని వరుస.

ఒక పలకమీద 50 సెంటీమీటర్ల దూరములో రెండు మేకులు కొట్టండి. నూలును వాటి చుట్టూ త్రిప్పితే ఒక చుట్టు మీటరు అవుతుంది. ఎనిమిది చుట్లు ఒక లచ్చి. నాలుగుచోట్ల తెల్లదారముతో ఎనిమిది అంకె ఆకారములో వదులుగా ముడివేయండి. బిగించి కడితే ముడికింద రంగు ఎక్కదు, అది చిటికి అయిపోతుంది. చుట్టడము చూడడానికి చిన్న పని. కాని మన చిటికి నేతలో ఆసు పోయడానికి ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించాలి. తల్లి పడే ఆ భుజపు నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము 1999లో ఆసు యంత్రము తయారుచేశారు. 2017లో వారికి పద్మశ్రీ వచ్చింది. మనము ఇరవై లచ్చీలకు మించి ఒక పూట చుట్టకపోతే యంత్రము అక్కరలేదు.

తరువాత నూలును లీటరు నీటికి 2 గ్రాముల సోడా, కొంచెము సబ్బు వేసి అరగంట కాచండి. మిల్లు నూనె, మైనము, చేతి జిడ్డు పోతాయి. ఇది మానివేస్తే రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది. మంచి నీటిలో జాడించండి.

తరువాత లీటరు నీటికి 50 గ్రాముల సోడా కలిపి, అందులో లచ్చీలను 20 నిమిషాలు నానవేసి గట్టిగా పిండండి. ఈ సోడా నీటిని పారబోయనక్కరలేదు, మూతపెట్టి దాచితే మళ్ళీ వాడుకోవచ్చు.

రంగు నీరు కలిపే పాళ్ళు ఇవి. 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటికి 1 గ్రాము పొడి వేస్తే నడితరపు రంగు. పావు గ్రాము వేస్తే లేత. 2 గ్రాములు వేస్తే ముదురు. బంగారము తూచే చిన్న త్రాసు వుంటే మంచిది. చెంచాతో కొలిస్తే ఈ వారము వచ్చిన రంగు వచ్చే వారము రాదు. ఇరవై లచ్చీలకు నాలుగు రంగులు, ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్లు సరిపోతుంది. ముందు కొద్ది నీటితో ముద్దలాగా నూరి, తరువాత తక్కిన నీరు పోయండి. సోడా కలవని రంగునీరు చల్లనిచోట కొన్నాళ్ళు వుంటుంది. సోడా తగిలిన రంగు గంట రెండు గంటలలో సారము కోల్పోతుంది.

నేలమీద పాలిథీను పరచి, తడి లచ్చీలను బారుగా పెట్టి, కుంచెతోగాని, పిల్లల మందు చుక్కలు వేసే గొట్టముతోగాని రంగు వేయండి. తడి నూలులో రంగు తనంత తానే పాకుతుంది కనుక రెండు రంగుల మధ్య ఒక వ్రేలెడు తెలుపు వదలాలి. ఆ తెలుపులో రెండూ వచ్చి కలుసుకొంటాయి. ఏవి కలిస్తే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. పసుపు, ఎరుపు కలిస్తే నారింజ. పసుపు, నీలము కలిస్తే పచ్చ. కాని ఎరుపు, పచ్చ కలిస్తే బురదరంగు వస్తుంది. ఆ రెండూ కావాలంటే మధ్యలో పసుపు వుంచండి. వేసిన తరువాత లచ్చిని తొడుగున్న చేత్తో నొక్కి, లోపలి పోగుల దాకా రంగు దిగేటట్లు చూడాలి. కొందరు పైన చూచి బాగున్నదని వదిలివేస్తారు, ఆరినాక విప్పితే లోపల తెల్లమచ్చలు వుంటాయి.

ఇప్పుడు పాలిథీనులో చుట్టి, ఆరిపోకుండా పెట్టండి. నూలు ఆరితే ముడిపడడము ఆగిపోతుంది. మన ఊరి చైత్రవైశాఖాల ఎండకాలములో ఒక రాత్రి చాలు. చలికాలములో నిండా 24 గంటలు వుంచాలి. నెమలి నీలము తక్కిన రంగులకంటె మెల్లగా పట్టుతుంది, దానికి మరి కొంతసేపు ఇవ్వండి.

ఇంతవరకు గడియ పని. ఇక దినము పని చెబుతాము.

మొదట చల్లని నీటిలో జాడించాలి. ఒక్కొక్క రంగు జత లచ్చీలను వేరువేరుగా కడగండి. రెండు మూడు నీళ్ళు మారేసరికి సోడా పోతుంది. సోడా పోకముందే వేడినీటిలో వేస్తే వదులుగా వున్న రంగు పక్క రంగుమీదికి ఎక్కుతుంది. సోడా పోయిన తరువాత బాగా కాగిన నీటిలో కొంచెము సబ్బు వేసి పది నిమిషాలు వుంచండి. నీరు రంగెక్కుతుంది. అది చూచి భయపడవద్దు, పోవలసినదే పోతున్నది. మళ్ళీ కాగిన నీరు, మళ్ళీ. ముదురు ఎరుపుకు మేము ఐదుసార్లు కూడా కాగిన నీరు మార్చాము. నీరు తేటగా మిగిలేదాకా ఈ పని ఆపకూడదు.

ఆ తరువాత పరీక్ష. తడి లచ్చిని తెల్ల గుడ్డ మడతలో పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. గుడ్డకు రంగు అంటకపోతే దారము సిద్ధమైనట్లు. అంటితే తిరిగి వేడినీటికి పంపాలి. ఆరినాక ప్రతి లచ్చికి ఒక చీటీ కట్టి, తేదీ, రంగులు, పాళ్ళు వ్రాయండి. చీటీ లేని పార్సెలు ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదని మా ఆఫీసులో ప్రతిరోజూ చూస్తూనే వున్నాము. దారమూ అంతే. నచ్చి మళ్ళీ అడిగినవారికి అదే రంగు ఇవ్వాలంటే పద్దు వుండాలి.

నీటి సంగతి కూడా చెప్పాలి. కుళాయి రోజూ రాని పేటలలో ఇన్ని నీళ్ళు ఎక్కడివని మా పక్కింటి అక్కయ్య అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఒక జత చివరి జాడింపు నీరు దాదాపు తేటగానే వుంటుంది. దానినే తరువాతి జతకు మొదటి నీరుగా వాడుతాము. నీళ్ళు వచ్చే రోజు చూచుకొని కడుగుడు పెట్టుకొంటాము. నీరు చాలదనుకొన్న వారము రంగే వేయము. కడుగుడు తగ్గించడముకంటె పని మానుకోవడము మేలు. రంగునీటిని చెట్ల మొదట, బావి దగ్గర పోయవద్దు.

దారము తయారయినాక కుట్టడములో ఒక కిటుకు వున్నది. ఒక్కొక్క కుట్టు ఒక్కొక్క లెక్కన దారము తింటుంది. ముందుకుట్టు గీత పొడవుకంటె కొంచెమే ఎక్కువ తీసుకొంటుంది. గొలుసుకుట్టు మూడింతలకు పైగా తీసుకొంటుంది. మీటరు చుట్టుమీద నాలుగు రంగులు పెడితే ఒక్కొక్క రంగు పావు మీటరు. ఆ పావు మీటరు ముందుకుట్టులో జానెడు దూరము నడుస్తుంది, గొలుసుకుట్టులో నాలుగు వేళ్ళ వెడల్పే వస్తుంది. కనుక ఏ కుట్టుకు దారము కావాలో ముందు అడిగి, దానినిబట్టి రంగుల పొడవు నిర్ణయించాలి. చిన్న పువ్వులకు పొట్టి రంగులు, తీగలకు పొడుగు రంగులు.

క్రాసుకుట్టు వేసేవారు సాధారణముగా ఒక వరుస అంతా సగము సగము వేసికొంటూ పోయి, తిరిగి వచ్చేటప్పుడు తక్కిన సగము వేస్తారు. పలురంగుల దారముతో అట్లా చేస్తే ఒక కాలు ఒక రంగు, రెండవ కాలు ఇంకొక రంగు అవుతుంది. ఒక్కొక్క క్రాసు అప్పటికప్పుడే పూర్తిచేయాలి. మన సరిహద్దుకు అవతల ధార్వాడలో కసూతి కుట్టేవారి గవంతి కుట్టు కూడా పోయి తిరిగి వచ్చేదే. అందులో ఈ దారము వాడితే పక్కపక్క కుట్లు వేరువేరు రంగులై చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. కొందరికి అది అందము, కొందరికి గజిబిజి. గుడ్డ మూలన నాలుగు కుట్లు వేసి చూచుకొని మొదలుపెట్టడము మంచిది.

ఇక చివరగా రాబడి మాట. ఈ సభలో చాలామంది తల్లుల మనసులో వున్న ప్రశ్న ఇదేనని మాకు తెలుసు.

మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఒడిలో చాట, చాటలో పొగాకు, పక్కన తడిపిన తునికాకు. లెక్క వెయ్యికి. పూర్వభాగములో ఇట్లా చుట్టని ఇల్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ డబ్బుతోనే మేము బడికి పోయాము. ఇప్పుడు ఆమె దగ్గు మేము రాత్రుళ్ళు వింటున్నాము. మేము లచ్చీలు చుట్టుతుంటే ఆమె వచ్చి పక్కన కూర్చొని ముడులు వేసింది. "పొగాకు ఘాటు లేని పని, కూసుండి చెయ్యొచ్చు" అన్నది. ఆ వేళ్ళకు లెక్క తప్పదు. ఇరవై లచ్చీల ముడులు మేమిద్దరము వేసేలోపల ఆమె ఒక్కతే వేస్తుంది.

అంతమాత్రాన బీడీలు మాని అందరూ దారము పట్టుకోండని మేము చెప్పము. అట్లా చెప్పడము అబద్ధమవుతుంది. మా పద్దు ప్రకారము ఇరవై లచ్చీలకు చుట్టడమునుంచి చీటీ కట్టేదాకా మా చేతులు పెట్టిన కాలము ఆరు గంటలు. అమ్మకము తెలిసినవారి ఇళ్ళలోనూ, కుట్టు నేర్పేవారి దగ్గరనూ కొంత జరుగుతున్నది. నూలు, రంగు, సోడా ఖర్చులు తీసివేస్తే మిగిలేది పిల్లల నోటుపుస్తకాలకు, పండుగ రవికెకు వస్తుంది. దానితో సంసారము గడవదు. పెద్ద కంపెనీల లచ్చీలతో ధరలో మనము పోటీపడలేము.

మనము పోటీపడగలిగినది ఒక్కటే. కొన్నామె ఎదురుగా కాగిన నీటి గిన్నెలో లచ్చిని ముంచి చూపగలగాలి. అడిగిన రంగు, అడిగిన పొడవు, ఆమె కుట్టే కుట్టుకు సరిపోయేటట్లు చేసి ఇవ్వగలగాలి. అది ఇంటి పనిలోనే సాధ్యము. ఒక ఇంటి లచ్చి రంగు కారితే ఆమె ఆ ఇంటి పేరు తలచదు, తెలుగువాళ్ళ దారము కారిందని అంటుంది. మంచి లచ్చి ఇచ్చినా ఆ మాటే, తెలుగువాళ్ళ దారమని. ఊరుకాని ఊరిలో నాలుగు తరాలుగా బ్రతుకుతున్న మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మగ్గాల చప్పుడు తగ్గిన ఇళ్ళలో రంగు సంగతి తెలిసిన ముసలివారు ఇంకా కొందరు వున్నారు. వారిని అడిగితే ఏ రంగు ఎండకు వెలుస్తుందో, ఏది సున్నపు నీటికి మారుతుందో చెబుతారు. వ్రాసిపెట్టుకొందాము. మా తాత చెప్పినవాటిలో మాకు మిగిలినది ఒక్క వాక్యము. తక్కినది ఆయనతోనే పోయింది. మీ ఇళ్ళలో అట్లా పోనివ్వవద్దు.

ఈ పని నేర్చుకోవాలనే ఆసక్తి వున్న అక్కచెల్లెళ్ళు ఏ ఆదివారమయినా ఉదయము మా ఇంటికి రావచ్చు. రుసుము లేదు. పది లచ్చీల తెల్ల నూలు, ఒక పాత గిన్నె, చేతి తొడుగులు తెచ్చుకొంటే చాలు. సోడా, రంగులు మేమిస్తాము. తెచ్చిన గిన్నె మళ్ళీ వంటింటికి పోదని ఇంట్లో ముందే చెప్పి రండి. మొదటి ఆదివారము రంగు వేయడము చూపుతాము. రెండవ ఆదివారము కడగడము. రెండవ ఆదివారము రాదలచనివారిని మొదటి ఆదివారము కూడా రావద్దని వినయపూర్వకముగా మనవి చేస్తున్నాము.